చీగాంగ్ నేర్చుకోవాలంటే ముందు నిలబడటం నేర్చుకోండి

విశాఖ శివాజీ పార్కులో పొద్దున్నే నేను చేతులు మెల్లగా పైకెత్తి మెల్లగా దించుకుంటూ ఉంటే, పక్క బెంచీ మీద కూర్చునే పెద్దావిడ ఒకరు నాలుగు రోజులు చూసి అయిదో రోజు అడిగేశారు. "ఏటమ్మా, ఇంత నెమ్మదిగా చేతులాడిస్తే ఏటొస్తాది?"

"వచ్చి నా పక్కన రెండు నిమిషాలు నిలబడండి పెద్దమ్మా, చెప్తాను" అన్నాను. చెప్పులు విప్పి నిలబడ్డారు. అర నిమిషం కూడా కాలేదు, "బరువంతా కుడికాలి మీదే ఉందే అమ్మా!" అన్నారు. ఆవిడకు నొప్పి ఉన్నదీ ఆ మోకాలే. యాభై ఏళ్ల పైగా పొయ్యి దగ్గరా, నూతి దగ్గరా, బస్టాపులోనూ అలాగే ఒరిగి నిలబడి ఉంటారు. ఆ సంగతి ఆవిడకు ఆ రోజే తెలిసింది.

ఇక్కడ నేను రాయబోయేదంతా ఆ అర నిమిషంలో ఆవిడ గమనించిన దాని చుట్టూనే ఉంటుంది. చేతుల కదలికలు ఎవరైనా వారంలో నేర్చుకోగలరు. కాళ్ల కింద బరువు ఎక్కడుందో తెలుసుకుని కదలడానికి నెలలు పడుతుంది. చీగాంగ్ అనే ఈ చైనా వ్యాయామం వల్ల వచ్చే మేలులో ఎక్కువ భాగం అక్కడే ఉందని నా నమ్మకం.

ముందు పేరు సంగతి. చైనా భాషలో "చీ" అంటే ఊపిరి, గాలి, ఆవిరి. మనం ప్రాణం, ప్రాణశక్తి అంటామే, దాదాపు ఆ అర్థంలో కూడా వాడతారు. "గాంగ్" అంటే రోజూ చేసి చేసి సంపాదించుకున్న నేర్పు. మన "సాధన" అనే మాట దానికి చక్కగా సరిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు చూసి కొందరు కిగాంగ్, క్విగాంగ్ అని కూడా రాస్తారు కాబట్టి వీడియోల కోసం వెతికేటప్పుడు ఆ పేర్లతోనూ వెతకండి. శరీరంలో చీ ప్రవహిస్తుందని నమ్మితేనే ఈ వ్యాయామం పని చేస్తుందని ఏమీ లేదు. నేను దాన్ని ఊపిరిగానే తీసుకున్నాను, నాకు అది చాలింది.

ఇది ఎంత పాతదో తెలిపే ఆనవాలు ఒకటి నాకు చాలా ఇష్టం. 1973లో చైనాలోని చాంగ్‌షా నగరం దగ్గర, మవాంగ్‌దుయ్ అనే చోట ఒక సమాధిని తవ్వారు. దాన్ని మూసింది క్రీస్తు పూర్వం 168లో. అందులో పట్టుబట్ట మీద గీసిన పటం ఒకటి దొరికింది. పటంలో 44 బొమ్మలు. ఆడవాళ్లు, మగవాళ్లు, వయసువాళ్లు, ముసలివాళ్లు, అందరూ వంగుతూ, చేతులు చాపుతూ, ఒళ్లు విరుచుకుంటూ ఉంటారు. అంటే ఇది మొదటి నుంచీ మామూలు మనుషులు చేసుకునే పనే. కొండ గుహల్లో తపస్సు చేసేవాళ్లకే పరిమితమైన విద్య కాదు. ఈ వ్యాయామాలన్నిటినీ కలిపి చీగాంగ్ అనడం మాత్రం 1950ల నుంచే బాగా వాడుకలోకి వచ్చింది.

మన దేశం నుంచి వెళ్ళిన బోధిధర్ముడే చైనాలోని షావోలిన్ బౌద్ధ మఠం భిక్షువులకు ఇదంతా నేర్పాడని ఒక కథ ఉంది. విశాఖ దగ్గరి తొట్లకొండ మీద ఆ బౌద్ధ విహారాల రాళ్ల మధ్య నిలబడి సముద్రం వైపు చూస్తే ఆ కథ నిజమైతే బాగుండుననిపిస్తుంది. కానీ చరిత్రకారులు దాన్ని ఐతిహ్యంగానే చూస్తారు, మనమూ అలాగే చూద్దాం.

ఏ వరస నేర్చుకోవాలి?

చీగాంగ్‌లో వందల రకాలున్నాయి. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: బాదువాన్‌జిన్. "ఎనిమిది జరీపట్టు ముక్కలు" అని దాని అర్థం. ఎనిమిది కదలికలు, మొత్తం పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. ఈ పేరు పన్నెండో శతాబ్దపు చైనా రాతల్లోనే కనిపిస్తుంది. ఈ మధ్య, 2000 తర్వాత, చైనా క్రీడా శాఖ దీన్నీ ఇంకో మూడు వరసలనూ ఒక పద్ధతిలో పెట్టి ప్రచారంలోకి తెచ్చింది. అందుకే ప్రపంచంలో ఎక్కడ నేర్చుకున్నా కదలికలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక వీడియోకీ ఇంకో వీడియోకీ పొంతన కుదరక తికమక పడే బాధ తక్కువ.

దీని వల్ల రక్తపోటు, నిద్ర, శరీరం తూలకుండా నిలిచే శక్తి కొంత మెరుగుపడతాయని చూపించిన పరిశోధనలున్నాయి. వాటిలో చాలావరకు చిన్నవి. కాబట్టి "షుగర్ పోతుంది, బీపీ మాత్రలు మానేయొచ్చు" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మాత్రలు తగ్గించాలా వద్దా అన్నది మీ డాక్టరు చెప్పాల్సిన మాట. అలాగే ఇది నడకకు బదులు కాదు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీచ్ రోడ్డు మీద మీ నడక మానకండి, దానికి దీన్ని కలపండి.

మొదలుపెట్టే ముందు డాక్టరుని అడగాల్సిన వాళ్లెవరంటే: ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, కళ్లు తిరిగే జబ్బు ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, డిస్క్ సమస్య ఉన్నవాళ్లు, గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు. తీవ్రమైన మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవాళ్లు గంటల తరబడి కళ్లు మూసుకుని చేసే చీగాంగ్ సాధనల జోలికి పోవద్దు. అటువంటివి కొందరికి మనసును చెదరగొట్టిన సందర్భాలు వైద్యుల రాతల్లో ఉన్నాయి. కళ్లు తెరుచుకుని చేసే ఈ ఎనిమిది కదలికలు కూడా వాళ్లు డాక్టరుకి చెప్పే మొదలుపెట్టాలి.

చోటు, వేళ

చాప పరిచినంత చోటు చాలు. పార్కయితే మరీ మంచిది: శివాజీ పార్కు, సెంట్రల్ పార్కు, వుడా పార్కు, మీకు ఏది దగ్గరైతే అది. ఆర్కే బీచ్‌కి వెళితే మాత్రం ఇసుకలో చేయకండి. సముద్రం ముందు ఇసుకలో నిలబడాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. కానీ పాదం ఒక వైపు కూరుకుపోతుంది, మడమ తిరుగుతుంది, బరువు ఎక్కడుందో తెలియదు. నడిచేవాళ్లకు అడ్డు లేకుండా గట్టు పక్కన గట్టి నేల మీద నిలబడండి. మన సూర్యుడు సముద్రం మీద నుంచే లేస్తాడు, కాబట్టి ఎండ కళ్లలో పడకుండా కాస్త పక్కకు తిరిగి నిలబడాలి.

మే నెలాఖరులో ఇక్కడ అయిదుంబావు దాటగానే తెల్లవారిపోతుంది. ఆరున్నరకల్లా ముగించేయండి. జనవరిలో సూర్యోదయమే ఆరున్నరకి, అప్పుడు తొందర లేదు. విశాఖ ఉక్కపోతలో ఊరికే నిలబడినా చెమట పడుతుంది కనుక, చెమట పట్టింది కాబట్టి బాగా చేశామనుకోవద్దు. సీసాలో నీళ్లు దగ్గర పెట్టుకోండి. వాన రోజుల్లో, తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో హాల్లోనే చేసుకోవచ్చు. గచ్చు తడి లేకుండా తుడిచి, పక్కన బరువైన కుర్చీ ఒకటి పెట్టుకోండి.

తిన్న వెంటనే వద్దు. షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు పూర్తిగా ఖాళీ కడుపుతోనూ చేయకండి. డాక్టరు ఏం తినమన్నారో అది కొద్దిగా తిని రండి.

మొదటి వారం: నిలబడటం

ఇంకేమీ చేయకండి, నిలబడండి అంతే. రోజుకి రెండు నిమిషాలతో మొదలుపెట్టి వారం చివరకు అయిదు నిమిషాలు చేయండి.

పాదాలు రెండూ భుజాల వెడల్పులో, ఒకదానికొకటి సమాంతరంగా పెట్టండి. మనలో చాలామందికి పాదాలు బయటికి తిరిగి ఉంటాయి. సరిగ్గా పెట్టగానే అవి లోపలికి తిరిగినట్టు అనిపిస్తుంది. కంగారు పడకుండా కిందికి చూసి సరిచూసుకోండి. మరీ ఇబ్బందిగా ఉంటే కొంచెం బయటికి వదిలేయండి. ఇప్పుడు మోకాళ్లు. మనం మామూలుగా వాటిని వెనక్కి నెట్టి బిర్రుగా నిలబడతాం. ఆ బిర్రు వదలండి. వంచాల్సిన పని లేదు, బిగువు వదిలితే చాలు. మోకాలి చిప్ప పాదం రెండో వేలి వైపు చూడాలి. నడుము కింది భాగం, ఎత్తు పీట మీద కూర్చోబోతున్నట్టు, కాస్త కిందికి జారనివ్వండి. నడి నెత్తిన జుట్టు పట్టుకుని ఎవరో మెల్లగా పైకి లాగుతున్నట్టు తల నిటారుగా ఉంచండి. గడ్డం కొంచెం లోపలికి. భుజాలు చెవుల దగ్గర్నుంచి దించేయండి. చంకల్లో నిమ్మకాయ పట్టేంత ఖాళీ ఉండాలి. నాలుక కొనను పై పళ్ల వెనక ఊరికే ఆనించండి. కళ్లు తెరిచే ఉంచి దూరంగా చూడండి.

ఇప్పుడు పాదాల కింద గమనించండి. బరువు మడమల మీదా, వేళ్ల మీదా? ఎడమా, కుడీ? సరిచేసేయాలని తొందర పడకండి, ముందు తెలుసుకోండి. రెండు మూడు నిమిషాలకు తొడలు సన్నగా వణకవచ్చు, అరచేతులు వెచ్చబడవచ్చు, ఆవలింతలు రావచ్చు. అవి మామూలే. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం మామూలు కాదు. వెంటనే కూర్చోండి. ఛాతీ నొప్పి గానీ ఆయాసం గానీ తగ్గకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

వారం చివర్లో బరువు మార్చడం కలపండి. నిలబడిన చోటే, బరువంతా మెల్లగా ఎడమ కాలి మీదికి పోయండి. బిందెలో నీళ్లు ఒంచుతున్నట్టు, ఒక్కసారిగా కాకుండా. కుడికాలు ఖాళీ అయ్యాక మళ్లీ అటు పోయండి. ఇది ఎక్కడైనా చేసుకోవచ్చు. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర, మద్దిలపాలెంలో బస్సు కోసం చూస్తూ. మా పార్కు పెద్దమ్మ మొదటి నెలంతా ఇదే చేశారు.

ఊపిరి ముక్కుతోనే. యోగాలో కుంభకం అలవాటైనవాళ్లు జాగ్రత్త, ఇక్కడ ఊపిరి ఎక్కడా బిగబట్టకూడదు. చేతులు పైకి లేచేటప్పుడు లోపలికి, దిగేటప్పుడు బయటికి. లెక్క తప్పితే లెక్క వదిలేసి మామూలుగా ఊపిరి తీసుకోండి. ఒక అరచేతిని బొడ్డుకి కాస్త కింద పెట్టుకుంటే పొట్ట మెల్లగా నిండి తగ్గడం తెలుస్తుంది. మొదట్లో అది చాలు.

నేను చేసిన తప్పు

నేను ఇవేమీ చేయలేదు. ఫోన్లో వీడియో పెట్టుకుని మొదటి రోజే ఎనిమిది కదలికలూ చేశాను. వీడియోలో కుర్రవాడు కాళ్లు వెడల్పుగా పెట్టి తొడలు నేలకు సమాంతరంగా వచ్చేదాకా దిగాడు, నేనూ దిగాను. పన్నెండు రోజులకు ఎడమ మోకాలు వాచింది. ఫిజియోథెరపీ చేసినావిడ నన్ను నిలబెట్టి చూసి, "మోకాలు లోపలికి వాలిపోతోంది, మీరు కిందికి చూసుకోవట్లేదు" అన్నారు. రెండు నెలలు మెట్లు ఎక్కడానికి ఇబ్బంది పడ్డాను. ఆ తర్వాతే నిలబడటం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాను. మీకు ఆ రెండు నెలలు దండుగ కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందుకే కింద నేను చెప్పే క్రమం పుస్తకాల క్రమం కాదు. అసలు వరసలో ఏ కదలిక ఎన్నోదో చెప్తాను కానీ, నేర్చుకోవడం మాత్రం తేలికైన వాటి నుంచి మొదలుపెట్టమంటాను. మీరు చేయగలిగిన దానిలో పదింట ఏడు వంతులే చేయండి. చేయి పూర్తిగా పైకి వెళ్తుందా, కొంచెం తక్కువలోనే ఆపండి. చీగాంగ్ నేర్పేవాళ్లు చాలామంది చెప్పే మాటే ఇది. మొదటి రోజుల్లో నాకు ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

రెండో వారం నుంచి: మూడు కదలికలు

మొదటిది రెండు చేతులతో ఆకాశాన్ని ఎత్తడం. చేతులు పొట్ట ముందుకి తెచ్చి, అరచేతులు పైకి చూసేలా వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చండి. ఊపిరి తీసుకుంటూ ఛాతీ దాకా ఎత్తి, అక్కడ అరచేతులు బయటికి తిప్పి, తల మీదికి నెట్టండి. పైన ఒక్క క్షణం పక్కటెముకలు విచ్చుకుంటున్నట్టు సాగదీయండి. మడమలు లేవకూడదు. తర్వాత చేతులు విడదీసి, ఊపిరి వదులుతూ రెండు పక్కల నుంచీ గుండ్రంగా దించండి. ఆరుసార్లు. భుజం పట్టేసినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ, నుదుటి దాకా ఎత్తితే చాలు. చేతులు పైకి లేచినప్పుడు బరువు మడమల మీదికి పారిపోతుంది, గమనించండి.

రెండోది, అసలు వరసలో మూడోది, ఒంటిచేత్తో ఎత్తడం. ఒక అరచేయి తల పైకి కప్పును మోస్తున్నట్టు, ఇంకో అరచేయి తుంటి పక్కన బల్లను నొక్కుతున్నట్టు. రెండూ ఒకేసారి సాగాలి. తర్వాత మార్చండి. అటు మూడు, ఇటు మూడు. పాతవాళ్లు ఇది జీర్ణానికి మంచిదంటారు. నేను గమనించింది మాత్రం, రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే మా అబ్బాయికి వీపు పక్కల బిగుసుకున్నది దీంతో వదులయింది.

మూడోది, అసలు వరసలో నాలుగోది, వెనక్కి చూడటం. చేతులు ఒంటికి కాస్త ఎడంగా పెట్టి, అరచేతులు మెల్లగా బయటికి తిప్పుతూ, తల ఒక్కటే ఎడమ పక్కకు తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడండి. నడుము తిరగకూడదు. మళ్లీ మధ్యకు వచ్చి కుడికి. మెడ అరిగినవాళ్లు నొప్పి మొదలయ్యే చోటికి చాలా ముందే ఆగిపోండి. రోడ్డు దాటేటప్పుడు వెనక వచ్చే ఆటోని ఒళ్లంతా తిప్పకుండా చూడగలుగుతున్నానని పెద్దమ్మ చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

ఈ మూడూ చేయడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. ముందు నిలబడటం, చివర నిలబడటం కలిపితే పది. మూడు వారాలు ఇవే చేయండి.

ఆ తర్వాత

వింటిని ఎక్కుపెట్టడం, అంటే రెండో కదలిక, ఇప్పుడు కలపండి. ఎడమ కాలు పక్కకు వేసి, చేతులు ఛాతీ ముందు కలిపి, ఎడమ చేయి చాపి చూపుడు వేలు నిలబెట్టి, కుడిచేత్తో వింటినారి లాగినట్టు భుజం దాకా లాగండి. చూపు ఎడమ వేలి మీదుగా దూరంగా. కాళ్లు వెడల్పుగా పెట్టినా మోకాళ్లు కొద్దిగానే వంచండి. ఎంత కిందికి దిగారన్నది ఎవరూ కొలవరు.

ఏడోది పిడికిలి బిగించి, కళ్లు పెద్దవి చేసి, మెల్లగా ముందుకు గుద్దడం. చేయి చాపాక పిడికిలి విప్పి, మణికట్టు తిప్పి, మళ్లీ మూసి వెనక్కి లాగాలి. పిల్లలకి ఇది భలే ఇష్టం. బీపీ ఉన్నవాళ్లు పళ్లు బిగించి ముక్కకూడదు.

ఎనిమిదోది మడమలు ఎత్తి దించడం, ఏడుసార్లు. పుస్తకాల్లో చిన్న కుదుపుతో దించమంటారు. ఎముకలు గుల్లబారినవాళ్లు, వెన్నెముకకు దెబ్బ తగిలినవాళ్లు కుదుపు లేకుండా పిల్లి అడుగులా దించాలి. గోడ మీద రెండు వేళ్లు ఆనించుకోవడంలో తప్పేమీ లేదు. వయసు పైబడ్డవాళ్లకు ఎనిమిదింటిలోనూ ఎక్కువ పనికొచ్చేది ఇదేనని నాకనిపిస్తుంది, ఎందుకంటే బస్సు మెట్టు ఎక్కేటప్పుడు పిక్కల్లో బలమే కదా కావలసింది.

మిగిలినవి ఆరు, అయిదు. ఆరోది ముందుకు వంగి అరచేతులతో నడుము నుంచి కాళ్ల వెనక నిమురుతూ దిగి, పాదాలు తాకి లేవడం. మోకాళ్ల దాకా దిగితే చాలు, లేచేటప్పుడు తొందర వద్దు. డిస్క్ నొప్పి, గ్లకోమా, ఎముకలు గుల్లబారడం, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు దీన్ని వదిలేయండి. అయిదోది కాళ్లు బాగా వెడల్పు చేసి, చేతులు తొడల మీద ఆనించి, తలా నడుమూ గుండ్రంగా ఊపడం. నా మోకాలు పోయింది ఇక్కడే. నేర్పేవాళ్లు పక్కన లేకుండా దీన్ని నిలబడి చేయకండి. చేతులు లేని గట్టి కుర్చీ అంచున కూర్చుని, పాదాలు నేల మీద ఆనించి, నడుమును చిన్న సున్నా చుట్టినట్టు తిప్పితే సరిపోతుంది. పెద్దమ్మ ఈ రోజుకీ అలాగే చేస్తారు.

నిలబడలేనివాళ్లు అసలు వరసలోని మొదటి, మూడో, నాలుగో, ఏడో కదలికలు కుర్చీలో కూర్చుని హాయిగా చేసుకోవచ్చు.

నేర్పేవాళ్లు దొరికితే అదృష్టమే. మొదటి రోజు వాళ్లు మీ పాదాలూ మోకాళ్లూ చూస్తున్నారో లేదో గమనించండి. ముందు వాళ్లు మీ జబ్బుల గురించి అడగాలి. మొదటి రోజే వేలల్లో ఫీజు కట్టించుకుని చేతుల్లోంచి శక్తి పంపి నయం చేస్తామనేవాళ్లు వద్దు. ఎవరూ దొరక్కపోతే ఇంట్లోవాళ్ల చేత మీ కాళ్లు కనిపించేలా వీడియో తీయించుకోండి. మోకాలు లోపలికి వాలుతోందా అన్నది అందులో చక్కగా తెలుస్తుంది.

నైట్ డ్యూటీలు చేసేవాళ్లు, స్టీల్ ప్లాంటు, పోర్టు వాళ్లు మా పార్కులో చాలామందే ఉన్నారు, పొద్దున వేళ కుదరదని బాధపడనక్కర్లేదు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, పడుకునే ముందు రెండో వారంలో నేర్చుకున్న ఆ మూడు కదలికలు చేసుకోవచ్చు. రెండు మూడు రోజులు మానేస్తే ఆ బాకీ ఒక్కరోజులో తీర్చాలని చూడకండి. మానిన చోటి నుంచి కాకుండా నిలబడటం దగ్గర్నుంచి మొదలుపెట్టండి.

ముగించేటప్పుడు రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి బొడ్డు కింద పెట్టుకుని, మూడు నాలుగు ఊపిర్లు తీసుకునేంతసేపు కదలకుండా ఉండండి. పాదాల కింద బరువు ఎటుందో మళ్లీ ఒకసారి చూసుకోండి. తర్వాత అరచేతులు రుద్ది ముఖం తుడుచుకుని, నాలుగు గుక్కల నీళ్లు తాగి, రెండు నిమిషాలు మెల్లగా నడిచి అప్పుడు కూర్చోండి.